అక్యూట్ ప్యాంక్రియాటైటిస్ ఎంత తీవ్రంగా ఉందో ఆసుపత్రిలో ఎలా తేలుస్తారు? తరచుగా అడిగే ప్రశ్నలు

అక్యూట్ ప్యాంక్రియాటైటిస్, అంటే ప్యాంక్రియాస్ (క్లోమం) హఠాత్తుగా వాచిందని అడ్మిట్ చేసుకున్నాక ఐసీయూ బయట కూర్చున్నవాళ్లు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ప్రాణానికేమైనా భయమా?" దానికి మొదటి రోజే ఖాయంగా జవాబిచ్చే పరీక్ష ఇంతవరకూ లేదు. రెండు రోజుల పాటు ఊపిరితిత్తులు, కిడ్నీలు, బీపీ ఎలా నిలబడుతున్నాయో చూసి చెప్పాల్సిన జవాబు అది. పేషెంటు పక్కన ఉండేవాళ్లకు ఆ రెండు రోజుల్లో ఏం జరుగుతోందో అర్థం కావాలని ఈ ప్రశ్నలు, జవాబులు రాస్తున్నాను.

మావారికి లైపేజ్ మూడు వేలు వచ్చింది. జబ్బు బాగా ముదిరినట్టేనా?

కాదు. అందరూ ముందు భయపడేది ఈ అంకెకే, తీవ్రత విషయంలో అన్నిటికంటే తక్కువ చెప్పేదీ ఇదే. అమైలేజ్, లైపేజ్ అనేవి క్లోమం తయారుచేసే జీర్ణరసాలు; రక్తంలో వాటిని కొలిచేది జబ్బు ఉందా లేదా అని తేల్చడానికి మాత్రమే. పైపొట్టలో మొదలై వీపులోకి పాకే నొప్పి, ల్యాబ్ ఇచ్చిన గరిష్ఠ పరిమితికి మూడు రెట్లు దాటిన అమైలేజ్ లేదా లైపేజ్, స్కాన్‌లో వాపు కనబడడం: ఈ మూడింట్లో రెండు ఉంటే ప్యాంక్రియాటైటిస్ అని నిర్ధారిస్తారు. అక్కడితో ఆ అంకె పని అయిపోయింది. ఐదు వేల లైపేజ్‌తో వచ్చి నాలుగో రోజు ఇడ్లీ తిని ఇంటికెళ్లేవాళ్లు ఉంటారు, ఆరు వందలతో వచ్చి వెంటిలేటర్ దాకా వెళ్లేవాళ్లూ ఉంటారు. రోజూ లైపేజ్ చేయించి తగ్గిందా లేదా అని చూసుకోవడం వల్ల డబ్బు ఖర్చు తప్ప ప్రయోజనం లేదు.

ఇంకో సంగతి. నొప్పి వచ్చిన మూడు నుంచి ఐదు రోజుల్లో అమైలేజ్ మామూలు స్థాయికి దిగిపోవచ్చు. ఆలస్యంగా వచ్చినవాళ్లకు అంకె చిన్నదిగా ఉందంటే జబ్బు చిన్నదని కాదు.

మరి తీవ్రమైనది అని దేన్ని బట్టి అంటారు?

ప్రపంచమంతా ఇప్పుడు వాడుతున్నది 2012లో సవరించిన అట్లాంటా వర్గీకరణ. అందులో మూడు మెట్లున్నాయి. ఏ అవయవమూ దెబ్బతినకుండా, క్లోమం చుట్టూ నీరు చేరడం, కణజాలం చచ్చిపోవడం లాంటి చిక్కులేవీ లేకుండా ఉంటే అది స్వల్పం. ఏదైనా అవయవం దెబ్బతిని 48 గంటల్లోపే కోలుకున్నా, లేక అవయవాలు బాగానే ఉండి క్లోమం దగ్గర చిక్కులు వచ్చినా, ఉన్న పాత జబ్బు దీనివల్ల ముదిరినా మధ్యస్థం. అవయవ వైఫల్యం 48 గంటలు దాటి కొనసాగితేనే తీవ్రం.

ఐదుగురిలో దాదాపు నలుగురికి ఇది స్వల్పంగానే ఉండి వారం లోపు తగ్గిపోతుంది. తీవ్రమైన గుంపు చిన్నదే, కానీ మరణాలు ఎక్కువగా జరిగేది అందులోనే. తగ్గని అవయవ వైఫల్యం ఉన్నవాళ్లలో మరణాలు 36 నుంచి 50 శాతం దాకా నమోదయ్యాయి. ఆ అంకె వినగానే గుండె జారిపోతుందని తెలుసు. అయినా ఆ గుంపులోకి ఎవరు వెళుతున్నారో ముందుగా కనిపెట్టడమే ఈ మొత్తం లెక్కల ఉద్దేశం కాబట్టి దాన్ని దాచడం సరికాదు.

48 గంటలే ఎందుకు?

క్లోమంలో తయారయ్యే జీర్ణరసాలు పేగులోకి వెళ్లాక పనిచేయాలి. ఈ జబ్బులో అవి క్లోమంలోనే చైతన్యమై ఆ కణాలనే దెబ్బతీస్తాయి. ఆ దెబ్బకు ఒళ్లంతా స్పందిస్తుంది. రక్తనాళాల నుంచి నీరు బయటికి ఊరిపోతుంది, రక్తం చిక్కబడుతుంది, కిడ్నీలకు రక్తం చాలదు, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. సెలైన్, ఆక్సిజన్, నొప్పి మందులతో చాలామందిలో ఈ ఉధృతి ఒకటి రెండు రోజుల్లో అణుగుతుంది. అణిగినవాళ్లకూ అణగనివాళ్లకూ మధ్య ప్రాణాపాయంలో చాలా తేడా ఉందని ఎన్నో అధ్యయనాల్లో కనబడింది. ఆ తేడా స్పష్టంగా బయటపడే గడువుగా 48 గంటలను పెట్టుకున్నారు.

అందుకే మొదటి రోజు డాక్టరు "ఇప్పుడే ఏమీ చెప్పలేం" అంటే దాటవేస్తున్నారని అనుకోకండి. అంతకంటే నిజాయితీగా చెప్పే మాట ఆ రోజుకు లేదు.

అవయవం దెబ్బతిందని ఎలా కొలుస్తారు?

మాడిఫైడ్ మార్షల్ స్కోరు అని ఒకటుంది. అది చూసేవి మూడే: ఊపిరితిత్తులు, కిడ్నీలు, రక్తప్రసరణ. ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు. ఏ ఒక్కదానికైనా 2 లేదా ఎక్కువ వస్తే ఆ అవయవం విఫలమైనట్టు.

ఊపిరితిత్తులకు, మణికట్టు ధమని నుంచి రక్తం తీసి చేసే ఏబీజీ పరీక్షలో వచ్చిన ఆక్సిజన్ అంకెను, పేషెంటు పీల్చే గాలిలోని ఆక్సిజన్ వాటాతో భాగిస్తారు. 300 లేదా తక్కువ వస్తే వైఫల్యం. మామూలు గాలి పీలుస్తున్న మనిషికి ఏబీజీలో 60 వచ్చిందనుకోండి, 60ని 0.21తో భాగిస్తే 286. అంటే గీత దాటినట్టే. కిడ్నీలకు, క్రియాటినిన్ సుమారు 1.9 మిల్లీగ్రాములకు చేరితే 2 మార్కులు. బీపీకి, సెలైన్ ఎక్కించినా పై అంకె 90 లోపే ఉంటే 2 మార్కులు. ముందునుంచీ కిడ్నీ జబ్బుండి క్రియాటినిన్ ఎప్పుడూ రెండు దగ్గరే ఉండే మనిషికి ఈ లెక్క తప్పుదారి పట్టించవచ్చు. పాత రిపోర్టులుంటే తప్పకుండా తెచ్చి చూపించండి.

వచ్చిన రోజే ముందస్తు హెచ్చరికలు ఏవీ ఉండవా?

ఉంటాయి. ఖాయంగా చెప్పలేకపోయినా, ఎవరి మీద కన్నేసి ఉంచాలో చెబుతాయి.

అన్నిటికంటే తేలికైనది సిర్స్, అంటే ఒళ్లంతా వాపుతో స్పందిస్తోందని చెప్పే నాలుగు గుర్తులు. ఒంటి వేడి 38 డిగ్రీల సెల్సియస్ దాటడం లేదా 36 కంటే పడిపోవడం, నాడి నిమిషానికి 90 దాటడం, శ్వాస 20 దాటడం, తెల్లకణాలు 12,000 దాటడం లేదా 4,000 లోపు ఉండడం. ఈ నాలుగింట్లో రెండుంటే సిర్స్ ఉన్నట్టు. దీనికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు, థర్మామీటరు, గడియారం, ఒక సీబీపీ (రక్తకణాల లెక్క) చాలు. ఏరియా ఆసుపత్రిలోనైనా చూడొచ్చు. వచ్చినప్పుడు ఉండి రెండో రోజుకు పోతే మంచి గుర్తు. 48 గంటలకూ అలాగే ఉంటే జబ్బు తీవ్రత వైపు వెళుతోందని జాగ్రత్తపడాలి.

హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 44 శాతం దాటి ఉంటే రక్తం చిక్కబడిందని అర్థం. 24 గంటల సెలైన్ తర్వాత కూడా దిగకపోతే క్లోమంలో కణజాలం చచ్చిపోయే ముప్పు ఎక్కువ. యూరియా కూడా అంతే. మొదటి అంకె కంటే, రేపటికి అది పెరిగిందా తగ్గిందా అన్నదే ముఖ్యం. వయసు 60 దాటడం, ఊబకాయం, ఛాతీ ఎక్స్‌రేలో ఊపిరితిత్తి చుట్టూ నీరు, మనిషి మాటల్లో తికమక, ఇవన్నీ ముప్పు పెంచేవే. నాభి చుట్టూ లేదా పక్కటెముకల కింద చర్మం నీలిగా కమిలితే లోపల రక్తస్రావం ఉన్నట్టు. ఇది అరుదు, కానీ కనబడితే చిన్న విషయం కాదు.

బిసాప్, రాన్సన్, అపాచీ అని స్కోర్లు రాస్తున్నారు. ఏది నమ్మాలి?

రాన్సన్ అన్నిటికంటే పాతది, 1974 నాటిది. న్యూయార్క్ సర్జన్ జాన్ రాన్సన్ పేరు మీదుగా వచ్చింది. మొత్తం 11 అంశాలు, వచ్చినప్పుడు ఐదు, 48 గంటలకు ఆరు. పూర్తి చేయడానికే రెండు రోజులు పట్టడం దాని పెద్ద లోపం. అపాచీ-2 ఐసీయూ పేషెంట్లందరి కోసం 1985లో వచ్చింది. ఏ రోజుకారోజు వేసుకోవచ్చు, 8 లేదా ఎక్కువ వస్తే తీవ్రమని ఎంచుతారు. కానీ డజను పైగా వివరాలు కావాలి.

బిసాప్ 2008లో వచ్చింది. సుమారు 18,000 మంది పేషెంట్ల వివరాల నుంచి తయారుచేశారు. ఐదే ప్రశ్నలు: బీయూఎన్ (రక్తంలో యూరియా నైట్రోజన్) 25 దాటిందా, స్పృహలో తేడా ఉందా, సిర్స్ ఉందా, వయసు 60 దాటిందా, ఊపిరితిత్తి చుట్టూ నీరుందా. ఒక్కోదానికి ఒక మార్కు. ఆ లెక్కలో సున్నా వచ్చినవాళ్లలో మరణాలు 1 శాతం లోపు, ఐదుకు ఐదు వచ్చినవాళ్లలో 20 శాతం పైన. మూడు లేదా ఎక్కువ వస్తే గట్టిగా పట్టించుకోవాలి.

ఇక్కడ మన ల్యాబులతో ఒక తిరకాసుంది. చాలా చోట్ల బీయూఎన్ అని కాకుండా బ్లడ్ యూరియా అని ఇస్తారు. యూరియా అంకె బీయూఎన్‌కు రెండు రెట్లకు కాస్త పైన ఉంటుంది. బీయూఎన్ 25 అంటే యూరియా సుమారు 53. అది చూసుకోకుండా యూరియా 40కే మార్కు వేసేస్తే లేని తీవ్రత కాగితం మీదికి వస్తుంది.

ఏది నమ్మాలంటే, నా మట్టుకు నేను మొదటి రోజు బిసాప్, రోజూ సిర్స్, యూరియా, క్రియాటినిన్, మూత్రం లెక్క చూస్తే చాలంటాను. వీటి అంచనా బలంలో పెద్ద తేడా లేదు. బాగుంటారని చెప్పినప్పుడు స్కోర్లు చాలావరకు నిజమవుతాయి, బాగుండరని చెప్పినప్పుడు చాలాసార్లు తప్పుతాయి. స్కోరు 3 వచ్చిందని ఆశ వదులుకోవాల్సిన పనిలేదు.

సి.ఆర్.పి. ఎందుకు మళ్లీ చేయిస్తున్నారు?

సి.ఆర్.పి. ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష. 48 గంటల దగ్గర అది లీటరుకు 150 మిల్లీగ్రాములు దాటితే తీవ్రతకు సూచన. మొదటి రోజు చేస్తే అంత ఉపయోగం లేదు, పెరగడానికి దానికి సమయం పడుతుంది. కొన్ని ల్యాబులు డెసిలీటరు లెక్కన ఇస్తాయి, అప్పుడు 15 అంటే 150తో సమానం. రిపోర్టులో అంకె పక్కన యూనిట్ చూడండి.

నొప్పి ఎప్పుడు మొదలైందని అందరూ పదేపదే అడుగుతున్నారు. అంత అవసరమా?

చాలా అవసరం. సి.ఆర్.పి., సీటీ లాంటివి ఎప్పుడు చేస్తే ఉపయోగమో నొప్పి మొదలైన గంట నుంచే లెక్కిస్తారు. మన ఊళ్లలో ఈ నొప్పిని గ్యాస్ అనుకోవడం మామూలు. రాత్రి మొదలైతే గ్యాస్ మాత్ర, పొద్దున ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షన్, మర్నాడు సాయంత్రం పట్నం. అలా వచ్చినవాళ్లకు అడ్మిట్ అయ్యే సరికే 40 గంటలు గడిచిపోయి ఉంటాయి. ఎవరు ఏమనుకుంటారో అని వెనకాడకుండా ఏ రోజు, ఏ పూట, ఏం తిన్నాక మొదలైంది, మధ్యలో ఏ మందులిచ్చారు అన్నీ చెప్పండి.

తాగుడు సంగతి డాక్టరుకు చెప్పాలా? ఇంట్లో పెద్దవాళ్లున్నారు.

పెద్దవాళ్లను కాసేపు బయట కూర్చోబెట్టైనా చెప్పండి. కారణం తెలియడం ఒక ఎత్తు, తీవ్రతను సరిగా అంచనా వేయడం ఇంకో ఎత్తు. రోజూ తాగే మనిషికి ఆసుపత్రిలో రెండో మూడో రోజుకు తాగుడు ఆగిపోవడంతో చేతులు వణకడం, లేనివి కనబడడం, మంచం దిగి పరిగెత్తబోవడం, నాడి పెరగడం జరుగుతాయి. సరిగ్గా అదే సమయంలో ప్యాంక్రియాటైటిస్ ముదిరినా నాడి పెరుగుతుంది, తికమక వస్తుంది. రెండింటికీ చేసే వైద్యం వేరు. ఎంత తాగుతారో, చివరిసారి ఎప్పుడు తాగారో తెలియకపోతే డాక్టరుకు ఈ రెండింటినీ విడదీయడం కష్టమవుతుంది.

సీటీ స్కాన్ మొదటి రోజే ఎందుకు తీయరు? మేం డబ్బు కడతామన్నా వద్దంటున్నారు.

మంచి డాక్టరే దొరికారు. చచ్చిపోతున్న కణజాలం మొదటి రోజు సీటీలో తెలియదు. అది స్పష్టంగా కనబడాలంటే నొప్పి మొదలై 72 నుంచి 96 గంటలు గడవాలి. మొదటి రోజు తీస్తే "ఫర్వాలేదు, కొంచెం వాపే" అన్న రిపోర్టు వచ్చి అందరూ నిశ్చింతగా ఉండే ప్రమాదం ఉంది. పైగా కిడ్నీలకు రక్తం చాలని సమయంలో కాంట్రాస్ట్ మందు ఎక్కించే ముందు ఆలోచించాలి.

మొదటి రోజు సీటీ అవసరమయ్యే సందర్భం ఒకటుంది. ఇది ప్యాంక్రియాటైటిసో, పేగుకు చిల్లు పడిందో, పేగుకు రక్తం ఆగిందో తేలనప్పుడు వెంటనే తీయాల్సిందే. కడుపు అల్ట్రాసౌండ్ మాత్రం అందరికీ మొదటి రోజే చేస్తారు, పిత్తాశయంలో రాళ్లున్నాయేమో చూడడానికి.

సీటీ రిపోర్టులో 'సీటీఎస్ఐ 6' అని ఉంది. పదికి ఆరా?

అవును, పదికే. సీటీఎస్ఐ అంటే సీటీలో కనబడే తీవ్రతకు వేసే మార్కు. వాపు, నీరు చేరడం వీటికి కొన్ని మార్కులు, చచ్చిన భాగం ఎంత ఉందన్నదానికి కొన్ని కలిపి వేస్తారు. ఎక్కువైనకొద్దీ చిక్కులు పెరుగుతాయి. అయితే స్కాన్ చూపేది క్లోమాన్ని, మనిషిని కాదు. సీటీఎస్ఐ 8 ఉండి వార్డులో నడుస్తున్న పేషెంటు, 4 ఉండి ఆక్సిజన్ మీదున్న పేషెంటు పక్కపక్కన ఉంటే రెండో మనిషి గురించే ముందు కంగారుపడాలి.

మా అబ్బాయికి రక్తం తీస్తే పాలలా తెల్లగా వచ్చిందన్నారు. అదేమిటి?

ట్రైగ్లిజరైడ్లు విపరీతంగా పెరిగినప్పుడు అలా వస్తుంది. 1,000 దాటితే ప్యాంక్రియాటైటిస్ రావచ్చు. షుగరు అదుపులో లేనివాళ్లలో, తాగేవాళ్లలో, వంశపారంపర్యంగా కొవ్వు సమస్య ఉన్నవాళ్లలో చూస్తాం. రక్తంలో అంత కొవ్వుంటే కొన్ని యంత్రాలు అమైలేజ్, సోడియం అసలు కంటే తక్కువ చూపించవచ్చు. కాబట్టి అంకెల కంటే మనిషిని చూడడం ఇక్కడ ఇంకా ముఖ్యం. ఉపవాసంతో, ఇన్సులిన్‌తో ఆ కొవ్వు వేగంగా దిగుతుంది. తగ్గాక పరీక్ష చేస్తే అసలు కారణం కనబడకుండా పోవచ్చు. అందుకే మొదటి రోజు రక్తంలోనే చూడమని అడగండి.

సెలైన్ ఎంత ఎక్కువ ఎక్కిస్తే అంత మంచిదంటారు కదా?

ఒకప్పుడు అలాగే అనుకునేవారు. 2022లో మన దేశం, స్పెయిన్, ఇటలీ, మెక్సికోల్లోని ఆసుపత్రులు కలిసి చేసిన వాటర్‌ఫాల్ అధ్యయనం ఆ నమ్మకాన్ని మార్చింది. కొందరికి ఉధృతంగా, కొందరికి మితంగా రింగర్ లాక్టేట్ అనే సెలైన్ ఎక్కించారు. ఉధృతంగా ఎక్కించినవాళ్లలో ఒంట్లో నీరు ఎక్కువై ఇబ్బందిపడ్డవాళ్లు 20.5 శాతం, మితంగా ఎక్కించినవాళ్లలో 6.3 శాతం. జబ్బు ముదరడాన్ని ఆపడంలో మాత్రం ఉధృతమైన పద్ధతికి లాభమేమీ కనబడలేదు. అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. ఇప్పుడు మితంగా మొదలుపెట్టి, కొన్ని గంటలకొకసారి నాడి, బీపీ, మూత్రం, యూరియా చూసి పెంచడమో తగ్గించడమో చేస్తారు. తీవ్రత అంచనా, వైద్యం రెండూ కలిసే నడుస్తాయని దీన్ని బట్టి తెలుస్తుంది.

పక్కన ఉండే మేం ఏం గమనించాలి?

మూత్రం. మిగతావన్నీ దీని తర్వాతే. పైపు వేసి ఉంటే సంచిలో గంట గంటకు ఎంత పడుతోందో చూడండి. కిలో బరువుకు గంటకు అర మిల్లీలీటరు, అంటే 60 కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్లు కనీసం రావాలి. వరుసగా రెండు మూడు గంటలు తగ్గితే సిస్టర్‌కి చెప్పండి. తర్వాత శ్వాస. మాట్లాడుతూ మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడం, పడుకోలేక లేచి కూర్చోవడం. పొట్ట గంట గంటకూ బిగుసుకుపోతున్నా, కొత్తగా మాట తడబడినా, చేతులు కాళ్లు చల్లబడినా ఆగకూడదు. రాత్రి రెండు గంటలైనా సరే డ్యూటీ డాక్టర్ని లేపండి.

యాంటీబయాటిక్స్ ఇవ్వడం లేదు. అశ్రద్ధ చేస్తున్నారా?

లేదు. మొదటి రోజుల జ్వరం ఎక్కువగా వాపు వల్ల వచ్చేదే, క్రిముల వల్ల కాదు. ముందు జాగ్రత్తగా ఇచ్చే యాంటీబయాటిక్స్ మేలు చేయవని తేలింది. పిత్తనాళంలో ఇన్‌ఫెక్షన్, న్యుమోనియా లాంటివి ఉంటే ఇస్తారు.

ఏ పరిస్థితిలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి?

అవయవ వైఫల్యం 48 గంటలైనా తగ్గకపోతే, లేక సిర్స్ తగ్గకుండా యూరియా పెరుగుతూ ఉంటే, ఐసీయూ, డయాలసిస్, ఈఆర్‌సీపీ (నోటి ద్వారా గొట్టం వేసి పిత్తనాళంలోని రాయి తీసే పద్ధతి), పొట్టలో చేరిన చీము, నీరు బయటికి తీసే పైపు వేయగల రేడియాలజీ విభాగం ఒకేచోట ఉన్న ఆసుపత్రి కావాలి. హైదరాబాద్‌లో నిమ్స్, విశాఖలో కేజీహెచ్ లాంటి బోధనాసుపత్రులకూ ఇలాంటి కేసులు వస్తుంటాయి. వెంటిలేటర్ అవసరమయ్యాక తరలించడం కంటే, అవసరం కావచ్చని తెలిసినప్పుడే తరలించడం మేలు. నొప్పి మొదలైన సమయం, ఇప్పటిదాకా ఎక్కించిన సెలైన్, రోజువారీ మూత్రం లెక్క రాసిచ్చిన కాగితం వెంట తీసుకెళ్లండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు ఉంటే అక్కడ ఆ పథకం సిబ్బందిని చేరగానే కలవండి.

పది రోజులు బాగానే ఉండి మళ్లీ జ్వరం వచ్చింది. ఇదేమిటి?

ఈ జబ్బుకు రెండు గండాలున్నాయి. మొదటి వారంలో అవయవాలు కూలడం, రెండో వారం తర్వాత చచ్చిన కణజాలంలో క్రిములు చేరడం. తగ్గిన తెల్లకణాలు మళ్లీ పెరగడం, కొత్తగా జ్వరం, తిండి సహించకపోవడం రెండో గండానికి గుర్తులు. అప్పుడు సీటీ మళ్లీ తీస్తారు. చచ్చిన భాగంలో గాలిబుడగలు కనబడితే క్రిములు చేరినట్టే లెక్క.

ఒకప్పుడు వెంటనే పొట్ట కోసి శుభ్రం చేసేవారు. 2010లో నెదర్లాండ్స్‌లో జరిగిన పాంటర్ అధ్యయనం తర్వాత ముందు యాంటీబయాటిక్స్, తర్వాత పైపు, అప్పటికీ తగ్గకపోతేనే చచ్చిన భాగం తీయడం అన్న క్రమం వచ్చింది. ఆ అధ్యయనంలో ఈ క్రమం పాటించినవాళ్లలో మూడో వంతు మందికి పైపుతోనే సరిపోయింది. పేషెంటు తట్టుకోగలిగితే సుమారు నాలుగు వారాలు ఆగుతారు, ఈలోగా చచ్చిన భాగం చుట్టూ గట్టి గోడ కట్టుకుంటుంది. ఆపరేషన్ ఎందుకు చేయరని ఒత్తిడి చేయకండి, ఇక్కడ ఆగడం కూడా వైద్యమే.

నోటికి తిండి ఎప్పుడు?

స్వల్పమైతే వాంతులు తగ్గి ఆకలి వేయగానే, చాలామందికి 24 గంటల్లోపే. జావతోనే మొదలుపెట్టాలని లేదు, నూనె తక్కువ వేసిన మెత్తటి అన్నమైనా పెట్టొచ్చు. తీవ్రమైతే ముక్కులోంచి గొట్టం వేసి పేగుకు ఆహారం పంపుతారు. రక్తనాళం ద్వారా ఇచ్చే పోషణ కంటే ఇదే మంచిది, ఇన్‌ఫెక్షన్లు తగ్గుతాయి.

రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు దగ్గర రెండు నిమిషాలే ఉంటారు. ఏం అడగాలి?

"ఎలా ఉంది?" అని అడిగితే "ట్రీట్‌మెంట్ జరుగుతోంది" అనే వస్తుంది. దానికి బదులు ఇలా అడగండి: సిర్స్ ఇంకా ఉందా? నిన్నటికీ ఇవాళ్టికీ యూరియా, క్రియాటినిన్ పెరిగాయా, తగ్గాయా? ఆక్సిజన్ అవసరం పెరిగిందా? ఏ అవయవమైనా దెబ్బతిందా, ఎన్ని గంటలైంది? కారణం తెలిసిందా? జవాబులు తేదీ వేసి ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. రేపు డ్యూటీ డాక్టరు మారినా మీ దగ్గర లెక్క ఉంటుంది.

స్వల్పమని రాసి ఇంటికి పంపిస్తున్నారు. పిత్తాశయంలో రాళ్లున్నాయి, ఆపరేషన్ తర్వాత చూద్దామా?

తర్వాత అనకండి. స్వల్పంగా వచ్చినవాళ్లకు వీలైతే అదే అడ్మిషన్‌లో పిత్తాశయం తీసేయడం మంచిదని 2015లో వచ్చిన పోంచో అధ్యయనం చూపించింది. పండగలని, కోతలని ఆలస్యం చేసేలోపు ఇంకో రాయి జారి మళ్లీ ఇదే జబ్బు రావచ్చు, ఈసారి స్వల్పంగానే వస్తుందన్న హామీ లేదు. తీవ్రంగా వచ్చి క్లోమం చుట్టూ నీరు చేరినవాళ్లకు మాత్రం అది తగ్గేదాకా, సాధారణంగా కొన్ని వారాలు, ఆగుతారు.

ఇంటికెళ్లాక ఏం కనబడితే మళ్లీ రావాలి?

జ్వరం, తగ్గని వాంతులు, మళ్లీ వీపులోకి పాకే నొప్పి, కళ్లు పచ్చబడడం, తినగానే పొట్ట నిండిపోయినట్టుండి బరువు తగ్గడం, నల్లటి విరేచనం. ఆయాసం గానీ స్పృహలో తేడా గానీ ఉంటే ఓపీ చీటీ కోసం ఆగకుండా 108కి ఫోన్ చేసి నేరుగా ఎమర్జెన్సీకి రండి, డిశ్చార్జి కాగితాలు చేతిలో పట్టుకుని.